స్టోర్‌కీపర్ గారి విషమ పరిస్థితి

సోమవారం పొద్దున స్టోర్‌కీపర్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, స్టోరు వెనక తలుపుకి రెండో తాళం బిగించడం. రెండు, సాయంత్రం ఐదింటికల్లా ఇంటికి చేరి, వారం రోజులుగా కారుతున్న వంటింటి కుళాయికి వాషరు మార్చడం. వెనక తలుపుకి ఉన్న మొదటి తాళం బాగానే పనిచేస్తోంది. కానీ బాగా పనిచేసే తాళాన్ని ఆయన నమ్మడు. దాన్ని చూసుకుని మనిషి ఆదమరుస్తాడని ఆయన అభిప్రాయం.

లిఫ్టులు బిగించి మరమ్మతులు చేసే ఆ కంపెనీలో ఇరవై నాలుగేళ్ళుగా సామానంతా ఆయన చేతి కిందే ఉంది. ఇనప తాళ్ళు, రోలర్లు, తలుపు స్ప్రింగులు, బటన్లు, గ్రీజు డబ్బాలు, అన్నీ. సాయంత్రం తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు. గేటు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి నాలుగోసారి లాగుతాడు. ఎవరైనా "బాగున్నారా?" అని పలకరిస్తే "వీడికెందుకు?" అని లోపల అనుకుని, "ఏదో ఉన్నాం" అని పైకి అంటాడు. ఆ కంపెనీలో ఆయన అనుమానించని మనిషి ఒక్కడే, పెద్ద మెకానిక్. ఇద్దరూ ఒకే నెలలో ఉద్యోగంలో చేరారు. చుట్టరికం ఏమీ లేకపోయినా "బావా" అంటే "బావా" అనుకుంటారు. ఆదివారాలు ఊరి చివర కాలువ గట్టు మీద పక్కపక్కన కూర్చుని గాలాలు వేస్తారు.

ఆ పొద్దున స్టోరు తలుపు తీసేసరికి, తలుపు కిందనుంచి లోపలికి తోసిన కవరు ఒకటి ఉంది. రెండు నెలల కిందట కంపెనీ చేతులు మారింది. కొత్త యాజమాన్యం కొత్తగా ఒక హెచ్.ఆర్. మేడమ్‌ని పంపించింది. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఎవరు ఎదురైనా నవ్వుతోంది. కారణం లేకుండా నవ్వే మనిషిని చూశాకే స్టోర్‌కీపర్ ఆ రెండో తాళం కొన్నాడు.

కవరులో పన్నెండు ప్రశ్నల పత్రం ఉంది. పైన "మనల్ని మనం తెలుసుకుందాం" అని అచ్చేశారు. నన్ను నేను తెలుసుకోవడానికి మధ్యలో వీళ్ళెవరు, అనుకున్నాడు స్టోర్‌కీపర్. ఊరికే అడిగేవాడు లోకంలో ఉండడు. ఎవర్ని ఉంచాలో ఎవర్ని సాగనంపాలో తేల్చడానికే ఈ పత్రం. కాబట్టి ఎవరూ వేలెత్తి చూపించలేని విధంగా నింపాలి.

వయసు, చదువు, రక్తం గ్రూపు వగైరా ఆరు ప్రశ్నలు నల్లేరు మీద బండిలా సాగాయి. ఏడో ప్రశ్న దగ్గర కలం ఆగింది. "మీ లైంగిక దిశ" అని ఉంది. కింద నాలుగు గళ్ళు. సమలైంగికత, విషమలైంగికత, ఉభయలైంగికత, చెప్పదలచుకోలేదు.

ఎక్కడో దూరాన ప్రధాన కార్యాలయంలో ఎవరో నిఘంటువు ముందేసుకుని తయారుచేసిన మాటలవి. స్టోర్‌కీపర్ వాటిని ఎప్పుడూ వినలేదు. అయితే వేల రకాల మేకుల్ని, మరల్ని వేరుచేసిన మనిషికి నాలుగు మాటలు వేరుచేయడం ఎంతసేపు? ఇది నడవడికకి సంబంధించిన ప్రశ్న అని ఇట్టే పోల్చుకున్నాడు. సమం అంటే ఆ విషయంలో అదుపులో ఉన్నవాడు, తూకం తప్పనివాడు. విషమం అంటే చెయ్యి దాటిపోయినవాడు. ఆసుపత్రిలో పరిస్థితి విషమించింది అంటారు, ఎవరి గురించైనా మంచిగా అంటారా? ఉభయం అంటే ఇంట్లో ఒక తీరు, బయట ఒక తీరు. ఇక చెప్పదలచుకోలేదు అన్నవాడు ఎలాగూ దొంగే. స్టోర్‌కీపర్ "సమం" గడిలో కాగితం చిరిగేంత గట్టిగా టిక్కు పెట్టాడు. చివర్లో, ఈ వివరం పదిమందికీ చెప్పవచ్చా, కుటుంబానికి ఆహ్వానం పంపవచ్చా అని అడిగారు. నిజాయితీపరుడికి దాపరికం దేనికని రెండింటికీ "చెప్పవచ్చు", "పంపవచ్చు" అని రాశాడు.

అప్పుడే పెద్ద మెకానిక్ రోలరు కోసం వచ్చాడు. ఆయన చేతిలోనూ అదే పత్రం ఉంది.

"ఏడో దానికి ఏం పెట్టావు బావా?" అని అడిగాడు, రాక్‌ల వైపు చూస్తూ.

"ఏం పెడతాను? సమం."

మెకానిక్ తల తిప్పి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నిజంగానా?"

"నిజంగా కాకపోతే? ఇరవై నాలుగేళ్ళ నుంచి చూస్తున్నావు. నీకు తెలియదూ?"

"తెలియలేదు బావా. ఒక్కనాడు కూడా అనుమానం రాలేదు."

"రాదు మరి. అంత పద్ధతిగా ఉంటాను."

"ఎవరైనా ఏమన్నా అనుకుంటారని భయం లేదా?"

"భయం దేనికి? మా నాన్న సమం, మా తాత సమం. మా వంశమే సమం!"

మెకానిక్ పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, రోలరు సంగతే మరిచిపోయి వెళ్ళిపోయాడు. తీసుకోవలసిన సామాను తీసుకోకుండా వెళ్ళడం అనుమానించదగ్గ విషయమే. కానీ వెళ్ళినవాడు బావ కాబట్టి స్టోర్‌కీపర్ అనుమానించలేదు.

మధ్యాహ్నం క్యాంటీన్లో లోడరు అదే ప్రశ్న అడిగాడు. "సార్, ఈ ఏడోది ఏంటో అర్థం కావట్లేదు. మీరేం పెట్టారు?"

"సమం పెట్టు. కళ్ళు మూసుకుని పెట్టు. విషమం జోలికి మాత్రం పోకు. నేను సమమని పదిమందిలో చెప్పమన్నా చెబుతాను, నాకేం సిగ్గు?" అని క్యాంటీనంతా వినబడేలా అన్నాడు స్టోర్‌కీపర్. అంత అనుమానపు మనిషే వడపోసి తేల్చాక ఇక తాము ఆలోచించేదేముందని తక్కినవాళ్ళు కలాలు తీశారు. మూల బల్ల దగ్గర ఒంటరిగా టీ తాగుతున్న మెకానిక్ మాత్రం గ్లాసు కింద పెట్టి, చాలాసేపు స్టోర్‌కీపర్ వైపే చూశాడు.

మంగళవారం హెచ్.ఆర్. మేడమ్ స్వయంగా స్టోరుకి వచ్చింది. "మీ ధైర్యానికి నా అభినందనలు. మీ వల్ల ఈ ఆఫీసు ఎంత మారిందో మీకు తెలియదు" అంది. ఆవిడ కళ్ళు చెమర్చి ఉన్నాయి. టిక్కు పెట్టడానికి ధైర్యం దేనికో స్టోర్‌కీపర్‌కి అంతుపట్టలేదు. ఆవిడ వెళ్ళాక పదిహేనో నంబరు రాక్ మళ్ళీ లెక్కపెట్టాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

సాయంత్రం మేనేజరు నడవాలో ఎదురై రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఎనిమిదేళ్ళలో ఆయన ఈ స్టోర్‌కీపర్‌ని తలూపి కూడా పలకరించిన పాపాన పోలేదు. "మీలాంటివాళ్ళు మన కంపెనీకి గర్వకారణమండీ" అన్నాడు. హెచ్.ఆర్. మేడమ్ అభినందించమంటే అభినందించాడు గాని, దేనికని ఆవిడని అడగడం మేనేజరు హోదాకి తక్కువ. స్టోర్‌కీపర్‌కి మాత్రం అది వీడ్కోలు సభకి నాందిలా వినిపించింది.

బుధవారం ఇంటికి ఉత్తరం వచ్చింది.

స్టోర్‌కీపర్ భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మనుషులు చెప్పేది వింటుంది గాని, రిపోర్టు వచ్చేదాకా ఏదీ నమ్మదు. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. "మీ వారు తమ సమలైంగిక అస్తిత్వాన్ని నిర్భయంగా ప్రకటించిన ఈ శుభసందర్భంలో, కుటుంబ సభ్యులుగా మీరు ఎదుర్కొంటున్న భావోద్వేగాలకు మేము అండగా నిలుస్తాము. శుక్రవారం జరిగే సభకి తప్పక రండి" అని ఉంది. కాలేజీలో చదువుతున్న కూతుర్ని పిలిచి ఆ మాటకి అర్థం అడిగింది. కూతురు చెప్పింది. భార్య ఉత్తరం మడిచి, కారుతున్న కుళాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

స్టోర్‌కీపర్ చెప్పులు విప్పుతుండగానే మొదలుపెట్టింది.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"సమం."

కంపెనీవాళ్ళు ఇంటికొచ్చి కూడా వాకబు చేస్తున్నారన్నమాట, అనుకున్నాడాయన. అందుకే ఆచితూచి జవాబిచ్చాడు. "పుట్టినప్పట్నుంచీ."

"మరి పెళ్ళికి ముందు నాకొక్క ముక్క చెప్పలేదే?"

"చెప్పేదేముంది? చూస్తే తెలియట్లేదూ?"

భార్య కళ్ళు చికిలించింది. "ఆదివారం ఆదివారం ఆ మెకానిక్ అన్నయ్యతో కాలువకి వెళ్తారు. పద్దెనిమిదేళ్ళలో ఒక్క చేపైనా ఈ గడప తొక్కిందా?"

"పడితే కదా తేవడానికి!"

"పద్దెనిమిదేళ్ళుగా పడలేదా?"

"ఆ కాలువలో చేపలు లేవేమోనని నాకూ అనుమానమే."

"చేపలు లేవని తెలిసీ ఎందుకు వెళ్తున్నారు మరి?"

నిజానికి ఆయన ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. బావ వస్తాడు, తను వెళ్తాడు, అంతే. జవాబు కోసం తడుముకోవడం చూసి భార్య నిట్టూర్చింది. కూతురికి జాలేసింది.

"నాన్నా, సమలైంగికుడంటే ఏంటో నీకు తెలుసా?"

"తెలియకుండానే టిక్కు పెట్టానా?"

"మగవాళ్ళని ఇష్టపడే మగవాడని అర్థం."

స్టోర్‌కీపర్ ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో ఉండగా అలాగే నిలబడిపోయాడు. "మరి నేనేంటి?"

"నువ్వు విషమలైంగికుడివి."

"ఛీ! ఏం మాటలే అవి? నేను మామూలు మనిషినే!"

"మామూలు అని గడి ఉండదు నాన్నా. ఎవరికి వాళ్ళు మామూలే."

"మనకో పేరు ఎందుకసలు? మా నాన్నకి లేదు, తాతకి లేదు. పేరనేది... వేరే వాళ్ళకి కదా పెడతారు?"

"ఆ వేరే వాళ్ళకి నువ్వు వేరే."

ఈ మాట స్టోర్‌కీపర్‌కి అసలు నచ్చలేదు. ఇంతలో భార్య మళ్ళీ అందుకుంది. "తెలియక పెట్టారో, తెలిసి పెట్టి ఇప్పుడు తెలియనట్టు నటిస్తున్నారో నాకెలా తెలుస్తుంది? మీకు ఆడవాళ్ళంటేనే ఇష్టమని రుజువేంటి?"

"నిన్ను చేసుకున్నాను కదే!"

"అది మీ పెద్దవాళ్ళు చేసిన పని. మీ అంతట మీరు ఇష్టపడ్డ ఒక్క ఆడమనిషిని చెప్పండి చూద్దాం."

వల అని తెలియక, రుజువు చూపించాలన్న ఆత్రంలో స్టోర్‌కీపర్ గడగడా చెప్పేశాడు. "మా బడిలో లెక్కల టీచరు. ఆ తరవాత బస్సులో కండక్టరమ్మాయి. ఆ పైన... మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు తలుపు తీసిందే, మీ పిన్ని కూతురు."

కూతురు చప్పుడు చేయకుండా లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. విషమలైంగికత రుజువైంది గాని, పరిస్థితి మరింత విషమించింది. ఆ పూట కుళాయి బాగుచేస్తానని ఆయన అన్నా ఆవిడ దాని మీద చెయ్యి పడనివ్వలేదు.

గురువారం పొద్దున్నే హెచ్.ఆర్. మేడమ్ గది ముందు నిలబడ్డాడు.

"ఏడో దానికి తప్పు టిక్కు పెట్టానండీ. మార్చాలి."

మేడమ్ కళ్ళజోడు తీసి మెత్తగా అంది. "వెనక్కి తగ్గకండి. ఇంట్లో ఒత్తిడి వస్తుందని మాకు తెలుసు."

"ఒత్తిడి లేదండీ. నేను మగవాణ్ణి."

"అందులో ఎవరికీ సందేహం లేదు."

"నాకు పెళ్ళయింది. కూతురుంది."

"చాలామందికి ఉంటారండీ."

"అది కాదు మేడమ్, నాకు ఆడవాళ్ళంటేనే ఇష్టం!"

ఆత్రంలో గొంతు పెద్దదైంది. బయట గుమాస్తా కీబోర్డు చప్పుడు ఆగింది. మేడమ్ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. "ఆఫీసులో ఆ మాట అలా అరవకూడదు. దానికి వేరే ఫారం ఉంటుంది" అంది.

చివరికి ఆయన బతిమాలగా బతిమాలగా సొరుగులోంచి సవరణ పత్రం ఒకటి తీసిచ్చింది. ఇస్తూ ఇస్తూ, "మీ ఇష్టం. కానీ మిమ్మల్ని చూసి ఎంతమంది ముందుకొచ్చారో తెలిస్తే మీరీ పని చేయరు. పేర్లు చెప్పకూడదు. మొత్తం నలభై ఆరు మందిలో ముప్పై తొమ్మిది మంది సమలైంగికులు! మా ప్రధాన కార్యాలయంలో కూడా ఇంత స్వేచ్ఛ లేదు" అంది గర్వంగా.

స్టోర్‌కీపర్ మనసులో లెక్కేసుకున్నాడు. ముప్పై తొమ్మిది! ఇరవై నాలుగేళ్ళుగా రోలర్లకి, స్ప్రింగులకి కాపలా కాశాడు గాని, తన చుట్టూ ఇంత నడుస్తోందని కనిపెట్టలేకపోయాడు. తను క్యాంటీన్లో ఇచ్చిన ఉపన్యాసం మాత్రం ఆ క్షణాన ఆయనకి గుర్తు రాలేదు. అనుమానం ఒకసారి తలకెక్కాక జ్ఞాపకానికి చోటెక్కడిది?

నడవాలో గోడవారగా నడుస్తూ వచ్చాడు. మేనేజరు రెండు చేతులతో ఎందుకు పట్టుకున్నాడో ఇప్పుడు అర్థమైనట్టనిపించింది. లోడరు వెనకనుంచి వచ్చి, "సార్, గ్రీజు డబ్బా" అని భుజం మీద చెయ్యేస్తే ఎగిరి గంతేశాడు. "అక్కడే ఉండు! నోటితో చెప్పు, చాలు!" అన్నాడు. వాచ్‌మన్ సలాం కొడితే, ఇంత వంగి దేనికని తప్పుకున్నాడు. పదకొండింటికల్లా, స్టోర్‌కీపర్ గారికి ఒంట్లో బాగాలేదనీ, ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదనీ ఆఫీసంతా పాకింది.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చి స్టోరు తలుపు దగ్గరగా వేశాడు. ఒక చెక్కపెట్టె లాక్కుని కూర్చున్నాడు. చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు, అది ఎప్పుడో పోయినా.

"బావా, నేను కూడా పెట్టాను. సమం."

"నువ్వు కూడానా?" అని నవ్వబోయాడు స్టోర్‌కీపర్. "నువ్వూ నాలాగే అర్థం తెలియక..."

"తెలిసే పెట్టాను. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడే తెలుసు. ఈ మాట కాదు, వేరే మాటలు. అన్నీ తిట్లే. ఇదొక్కటే కాస్త మర్యాదగా ఉంది." గుడ్డ మడిచాడు, విప్పాడు. "ఎవరికీ చెప్పలేదు. మా అన్నయ్యకి కూడా. నువ్వు క్యాంటీన్లో అందరి ముందూ, నాకేం సిగ్గు అని అరుస్తుంటే, బావా, ఇంటికెళ్ళి గంటసేపు అలా గోడకేసి చూస్తూ కూర్చున్నాను. వీడే చెప్పగలిగితే నాకేమొచ్చిందీ అనిపించింది. అందరికీ చెప్పవచ్చు అని నేనూ రాశాను."

స్టోర్‌కీపర్‌కి మొట్టమొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. కాలువ గట్టు, పక్కపక్కన రెండు గాలాలు, పద్దెనిమిదేళ్ళు. "అయితే బావా, ఆదివారాలు నన్ను..." అని నీళ్ళు నమిలాడు.

మెకానిక్ ఆయన్ని పైనుంచి కింది దాకా చూశాడు. "అద్దంలో మొహం ఎప్పుడైనా చూసుకున్నావా? నాకూ ఓ అభిరుచి ఉండదూ?"

స్టోర్‌కీపర్‌కి గుండె మీద బరువు దిగింది. దిగిన వెంటనే, ఎందుకో కాస్త కోపం కూడా వచ్చింది.

"ముప్పై తొమ్మిది మంది ఉన్నారట" అన్నాడు మాట మార్చడానికి. "మేడమ్ చెప్పింది."

మెకానిక్ గుడ్డ కింద పెట్టేశాడు. "ముప్పై తొమ్మిదా?" అన్నాడు మెల్లగా. "మరి నేను ఇన్నేళ్ళూ ఒక్కణ్ణే కూర్చుని టీ ఎందుకు తాగాను బావా?" ఆ మొహంలో వచ్చిన వెలుగు చూశాక, జేబులో సవరణ పత్రం ఉన్నా స్టోర్‌కీపర్ దాన్ని బయటికి తీయలేకపోయాడు. "రేపు సభలో నా పక్కనుంటావుగా?" అని మెకానిక్ అడిగితే "ఉంటాను" అన్నాడు. ఉన్నమాట రేపు పొద్దున చెబుదాములే అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున మూడుసార్లు వెతికాడు. మెకానిక్ ఎక్కడో ఐదో అంతస్తులో ఆగిపోయిన లిఫ్టు మీద కూర్చుని ఉన్నాడన్నారు. నేరుగా సభ వేళకే వచ్చాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మూడో వరసలో కూర్చున్నాడు. మొదటి వరసలో స్టోర్‌కీపర్ భార్య చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, సూది గుచ్చే ముందు నరం వెతికే చూపుతో భర్తనే చూస్తోంది.

హెచ్.ఆర్. మేడమ్ ఆయన్ని వేదిక మీదికి పిలిచింది. చప్పట్లు మోగాయి. స్టోర్‌కీపర్ మైకు పట్టుకున్నాడు.

"నాకు మాట్లాడటం రాదు. నేను సమం కాదండీ, విషమం. మాట అర్థం తెలియక పెట్టాను." "నాకీ పేరుందని మొన్న బుధవారం దాకా తెలియదు. యాభై రెండేళ్ళు నన్నెవరూ నువ్వేంటని అడగలేదు. అడగకపోవడం ఎంత సుఖమో అడిగాకే తెలిసింది. నిన్న ఒక్కరోజు మీ అందర్నీ అనుమానంగా చూశాను. చూసిన నాకే మెడ పట్టేసింది. మరి అలాంటి చూపుల మధ్య రోజూ బతికేవాళ్ళ సంగతేంటో..."

"ఒక్క నిమిషం" అని మేనేజరు లేచాడు. "విషమం అంటే... ఆడవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళనా?"

"అవునండీ" అంది మేడమ్. "మగవాళ్ళని ఇష్టపడే ఆడవాళ్ళు కూడా."

మేనేజరు మొహం పాలిపోయింది. "మరి నేనేం పెట్టినట్టు?"

హాలంతా తేనెతుట్టె కదిలినట్టయింది. "స్టోర్‌కీపర్ సార్ పెట్టమంటే పెట్టాను" అన్నాడు లోడరు. "మాకు గుమాస్తా చెప్పాడు" అన్నారు ఇంకెవరో. వెనకనుంచి వాచ్‌మన్ లేచి, "నేను విషమం పెట్టానండీ, గుండె ఆపరేషన్ అయింది కదాని" అన్నాడు. నువ్వు మార్చుకోనక్కర్లేదని మేడమ్ చెబితే, "అదేంటమ్మా, గుండెజబ్బు వాళ్ళంతా అదేనా?" అని బెంగపడ్డాడు. ఎవరో, "అబ్బే, మేమెందుకవుతామండీ అలాంటివాళ్ళం!" అన్నారు. పెద్ద నవ్వు లేచింది. మూడో వరసలో మెకానిక్ చొక్కా గుండీ వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

మేడమ్ తన జాబితా తీసింది. "సమం అని పెట్టినవాళ్ళలో మార్చుకోవలసినవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది. వేదిక మీది స్టోర్‌కీపర్‌తో కలిపి ముప్పై ఎనిమిది. "ముప్పై తొమ్మిది ఉండాలే!" అంది జాబితా చూసుకుంటూ.

"ఒకటి తగ్గింది" అని లోడరు నవ్వాడు. "ఎవరో ఆ ఒక్కడూ!"

మెడలు తిరగడం మొదలైంది. ఈ వరసలోంచి ఆ వరసలోకి, ఒక చేతి నుంచి ఇంకో చేతికి చూపులు పాకాయి. నిన్న తను చూసిన చూపులే అవి. అవి మూడో వరసకి చేరడానికి ఇంకెంతోసేపు పట్టదని స్టోర్‌కీపర్‌కి తెలిసిపోయింది. గబుక్కున తన చెయ్యి కిందికి దించేశాడు.

"నాది మార్చక్కర్లేదు. అలాగే ఉండనివ్వండి."

"ఇప్పుడే కాదన్నారు కదండీ?" అంది మేడమ్.

"అన్నాను. మళ్ళీ అనుమానమొచ్చింది."

భార్య ఒళ్ళోంచి చేతిసంచి జారి కింద పడింది. అందరి చూపులూ వేదిక మీదికి మళ్ళాయి. ఆ సందడిలో మెకానిక్ లేచి నిలబడ్డాడు.

"నువ్వు దిగు బావా. నీకా గడి నప్పదు." తరవాత హాలు వైపు తిరిగాడు. "మీరంతా మార్చుకోండి. నేను మార్చుకోను. నేను చదువుకునే పెట్టాను."

ఎవరూ నవ్వలేదు. మెకానిక్‌కి అటు పక్కనున్న ఇద్దరు కుర్చీలు ఖాళీ చేసి వెనక్కి వెళ్ళారు. స్టోర్‌కీపర్ వేదిక దిగి వచ్చి, ఆ రెంటిలో దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. "నిన్ననే చెప్పాల్సింది" అన్నాడు.

"చెప్పుంటే నేను లేచేవాణ్ణి కాదు" అన్నాడు మెకానిక్. "ముప్పై తొమ్మిదీ అబద్ధమేనన్నమాట."

"ఒకటి నిజం."

లోడరు కాసేపు బుర్ర గోక్కుని, ముందు వరసలోంచి మెకానిక్ వైపు తిరిగాడు. "మేస్త్రీ గారూ, మరి మధ్యాహ్నం ఐదో అంతస్తు పనికి వస్తున్నారుగా?"

"రాకపోతే ఆ తాడు నువ్వొక్కడివే పట్టుకుంటావేంట్రా?" అన్నాడు మెకానిక్. అప్పటిదాకా బిగించి ఉన్న గుప్పిళ్ళు వదులయ్యాయి.

సభ అలా ముగిసింది. మొత్తం ఆఫీసులో ఏడో ప్రశ్న అర్థమై జవాబు రాసిన మనిషి ఒక్కడేనని హెచ్.ఆర్. మేడమ్ ప్రధాన కార్యాలయానికి రాయాల్సి వచ్చింది. సవరణ పత్రాలు చాలక జిరాక్సు మిషను వేడెక్కిపోయింది. మేనేజరు తన పత్రాన్ని చేత్తో కప్పుకుని నింపాడు. అర్థం చెప్పాక కూడా చాలామందికి "విషమం" అని రాయడానికి చెయ్యాడలేదు. "మామూలు" అని రాసిన పదకొండు మందివి మేడమ్ తిప్పి పంపింది.

స్టోర్‌కీపర్ తన సవరణ పత్రాన్ని మూడుసార్లు చదివి, సంతకం పెట్టి, భార్య చేతికిచ్చాడు. ఆవిడ కిందపడ్డ సంచి దుమ్ము ఇంకా దులుపుతోంది. "మా పిన్ని కూతురి సంగతి విడిగా మాట్లాడుకుందాం" అని, కలం అందుకుని, భర్త విషమలైంగికుడైనందుకు జీవిత భాగస్వామి అభిప్రాయం రాయమన్న గడిలో ఇలా రాసింది: "అభ్యంతరం లేదు. అలవాటైపోయింది."